పని పడే కాలం

మా ఆయన పోయాక కోయంబత్తూరు ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. ముప్పై ఏళ్లు ఆస్పత్రి వార్డుల్లో నిలబడి చాకిరీ చేసినప్పుడు రాని నొప్పి, ఏ పనీ లేకుండా కూర్చుంటే వచ్చింది. దీపావళి వెళ్లిన వారానికి మా తమ్ముడు సగాయం కొడైకెనాల్ నుంచి దిగి వచ్చాడు. వంటింట్లో రెండు పూటలకీ కలిపి వండి మూతపెట్టిన గిన్నె చూశాడు. మేడ మీద ఎండిపోయిన కుండీలు చూశాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "అక్కా, సంచి సర్దుకో. పైకి పోదాం. సుమ్మా ఊరికే కూచునేది ఆడ వచ్చి కూచో" అన్నాడు. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి కదా. సర్దుకున్నాను.

సగాయం కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బజారుకు దిగువన, వాలులో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి వెనక మెట్లు మెట్లుగా దిగే మడులు. స్తంభాలెక్కి ఎక్కి వాడి మోకాళ్లు అరిగిపోయాయి కాబట్టి తోటంతా వాడి భార్య ఎస్తరుది. ఎస్తరు దిండిగల్ పిల్ల. పెళ్లయి ఇక్కడికి వచ్చేదాకా చలి అంటే ఏమిటో తెలియనిది. ఇప్పుడు గొంతుకు మఫ్లరు చుట్టుకుని, మగవాళ్ల బూట్లు వేసుకుని మడుల్లో తిరుగుతుంటే ఈ కొండమీదే పుట్టినట్టుంటుంది. నేను వచ్చినప్పుడు వాన ఇంకా పూర్తిగా విడవలేదు. మట్టి చెప్పుకు అంటుకుని చెప్పునే లాగేసుకునేది. క్యాబేజీ ఆకుల మడతల్లో జిగురు పురుగులు. తీగల పందిరి మీద సీమవంకాయలు తడిసి నున్నగా వేలాడుతుండేవి. డాలియాలు నీళ్లబరువుకు తలలు వంచేసుకుని ఉండేవి. మధ్యాహ్నం దాటితే చాలు, మబ్బు కిటికీలోంచి మనిషిలా లోపలికి వచ్చి మంచం మీద కూర్చునేది. నేను కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఇవన్నీ చూస్తుండేదాన్ని. చూడ్డం తప్ప ఇంకేమీ చేయబుద్ధి అయ్యేది కాదు.

తమిళ కార్తీకం సగం అయ్యేసరికి వాన సందులివ్వడం మొదలుపెట్టింది. గాలి మళ్లింది. పెరటి మూల బేరి చెట్టు ఒక్కటే ఇక్కడ ఆకులు రాల్చే చెట్టు. దాని ఆకు ముందు అంచుల్లో ఎర్రబడి, తర్వాత పసుపురంగుకు తిరిగి, రోజూ కొంచెం కొంచెంగా కిందికి దిగింది. జిగురు పురుగులు ఎటు పోయాయో పోయాయి. తేనెటీగలు పొద్దెక్కితే గానీ రావడం లేదు. ఎండలో నిలబడితే మాడు కాలుతుంది, ఒక్క అడుగు నీడలోకి వేస్తే పళ్లు కొట్టుకుంటాయి. పెదవులు పగిలాయి. చేతుల మీద చర్మం తెల్లగా పొట్టు లేచింది. నేను కుర్చీ పెరట్లోకి మార్చుకున్నాను. ఎస్తరు బఠాణీ మడి దగ్గర నడుం ఎత్తి, "ఏం వదినా, ఈ ఏడు తెల్లమంచు ఎప్పుడు పడతాదంటావు?" అని అడిగింది. "నన్నా అడుగుతావు?" అన్నాను. "నువ్వు చిన్నప్పట్నుంచి ఈ కొండను చూసిందానివి కదా. మీ తమ్ముడు ఫోను చూసి చెప్తాడు, అది ఒక్కనాడూ సరిగ్గా చెప్పలే" అంది. లోపల్నుంచి సగాయం, "ఫోను ఇంకా పడదంటుండాది!" అని అరిచాడు.

ఆ సాయంత్రమే ఆకాశం కడిగినట్టయింది. నెలన్నర మబ్బు తర్వాత కింద లోయంతా తెరుచుకుని, చాలా దూరంలో మైదానం కనిపించింది. వైగై ఆనకట్ట నీళ్లు పళ్లెంలా మెరిశాయి. దానికి అవతల బూడిదరంగు గుట్టలు. ఆ గుట్టల పక్కన ఆండిపట్టి. అది కంటపడగానే మా అవ్వ గొంతు, అదే అనడానికి అదిదా అనే గొంతు, వినిపించింది. "అదిదా పాపా మన ఊరు. చూడు, అదిదా." పనిలేని మనిషికి జ్ఞాపకాలు చలిలా పట్టుకుంటాయి, వదలవు. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. నేను చదివింది తమిళంలో. తెలుగు అక్షరాలు నెల్లూరులో నర్సుగా ఉన్న కాలంలో తోటి నర్సు దగ్గర నేర్చుకున్నాను. మా ఇంటి తెలుగుకు ఆ అక్షరాలు అక్కడక్కడా బిగుతుగా ఉంటాయి, చదివేవాళ్లు సర్దుకోవాలి.

మా వాళ్లు ఎన్ని తరాల కింద తెలుగుదేశం వదిలి వచ్చారో మాకెవరికీ తెలియదు. ఆండిపట్టిలో మా వీధి ఒక్కటే తెలుగు మాట్లాడేది. నాయన లారీ డ్రైవరు. కొండ మీది కూరగాయలు మదురై మండీకి దించడం, కింద నుంచి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు పైకి ఎక్కించడం. అమ్మకు కొడైలో ఒక బడి హాస్టల్లో ఆయా ఉద్యోగం దొరికితే, నాయన ఎటూ వారంలో సగం రోజులు పైనే ఉంటాడు గనక మమ్మల్ని పైకి తెచ్చాడు. ఆ ఉద్యోగంతో పాటు వరసగా కట్టిన రేకుల లైను ఇంట్లో ఒక గది, నాకు ఆ బడిలో ఉచితంగా చదువు వచ్చాయి. తర్వాత ఒక వానాకాలం ఘాట్ రోడ్డు మలుపులో బ్రేకు పట్టలేదు. నాయన స్టీరింగు కొండవైపు తిప్పి గోడకు గుద్దించాడు. లోయవైపు పోలేదు కాబట్టి ప్రాణం దక్కింది. ఎడమ కాలు మాత్రం నుజ్జయింది. మదురై పెద్దాస్పత్రిలో చాలాకాలం ఉండి, వంగని మోకాలితో, చంకలో కర్రతో తిరిగి వచ్చాడు. డ్రైవరుగా వెళ్లిన మనిషి ఆయా మొగుడిగా లైను ఇంటికి వచ్చాడు. ఆ మాట లైనులో ఎవరో అన్నదే, నేను పుట్టించింది కాదు.

కొడుకుని చూసుకోవడానికి అవ్వ ఆండిపట్టి నుంచి ఎక్కి వచ్చింది. నాయన తల్లి. పొట్టి మనిషి, ఎండకు కాగి కాగి నల్లబడి గట్టిపడిన మనిషి. పుట్టిన దగ్గర్నుంచి చెప్పులు తొడగలేదు. కొండ చలికి తట్టుకోలేక చీర మీద నాయన పాత ఖాకీ లారీ కోటు తొడుక్కునేది. అది మోకాళ్ల దాకా వచ్చేది. చీకటి ఉండగానే లేచి యూకలిప్టస్ పుల్లలు పొయ్యిలో పెట్టి ఊదేది. ఆ పొగ ఘాటు, తడిసిన ఖాకీ కోటు వాసన, తాటిబెల్లం కాఫీ వాసన కలిసి మా ఇంటి వాసన. అమ్మ ఆ కాఫీ నిలబడే తాగి, చెంగు బిగించుకుని హాస్టలుకు వెళ్లిపోయేది. మళ్లీ దీపాలు పెట్టాకే వచ్చేది. వచ్చాక ప్రార్థన. అమ్మ వైపు వాళ్లు క్రైస్తవులు, నాయన పెళ్లితో కలిశాడు, అవ్వ ఎటూ కలవలేదు. ప్రార్థన తమిళంలో, పోట్లాటలు తెలుగులో జరిగేవి మా ఇంట్లో. అవ్వ గోడవైపు తిరిగి కూర్చునేది గానీ ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా చెప్పేది. అది అయితేగానీ అన్నం పెట్టరని ఆమెకు తెలుసు.

నాయన మాట్లాడటం మానేశాడు. వెనక తలుపు దగ్గర బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని వాలువైపు చూస్తుండేవాడు. ఆ వాలులో రాళ్లు, దురదగొండి, లైను వాళ్లు విసిరే చెత్త. అప్పటికి సగాయానికి అప్పుడప్పుడే నడక వచ్చింది. వాడు పాక్కుంటూ కాలి మీదికి ఎక్కినా నాయన వాణ్ణి ఎత్తుకునేవాడు కాదు, దించేవాడూ కాదు. అవ్వ అన్నం పెట్టి, "తినరా పెద్దోడా" అంటే తినేవాడు. ఒకరోజు అవ్వ మొలకలొచ్చిన ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, ఏరి బయటికి విసిరింది. నాయన చాలాసేపు వాటివంక చూసి, చంకలో కర్ర మొనతో నేలలో గుంట చేసి ఒక గడ్డ అందులోకి నెట్టాడు. మర్నాడు గోనెసంచి పరుచుకుని, దాని మీద కూర్చుని, గడ్డపారతో తవ్వడం మొదలుపెట్టాడు. కూర్చున్న చోట తవ్వడం, చేతుల మీద ఊని ఒళ్లు జరుపుకోవడం, మళ్లీ తవ్వడం. తీసిన రాళ్లు వరసగా పేర్చితే అవే గట్లయ్యాయి. కొన్నాళ్లకు ఆ వాలులో మూడు మడులు తయారయ్యాయి. పై మడి ఇంటి గోడను ఆనుకుని, నడిమి మడి, అడుగు మడి.

ఆ మొదటి ఏడు నాయనకు ఏమీ తెలియదు. ఆండిపట్టిలో చూసినవన్నీ పెట్టాడు. టమాటా, మిరప, వంగ, ఉర్లగడ్డ. వానకు అన్నీ ఏపుగా లేచాయి. మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, ఒక పొద్దున తలుపు తీస్తే వాలంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. నాకు సంబరం. రేకు మీద వేలితో పేరు రాసుకున్నాను. పొద్దెక్కి ఎండ తగిలేసరికి తెలుపంతా కరిగి, ఆకులు నల్లబడి, కొమ్మలు మెత్తబడి వాలిపోయాయి. పెరడంతా ఆకుకూర ఉడికిన వాసన. నాయన అడుగు మడి గట్టు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. "ఇది మన నేల కాదురా పెద్దోడా. మన నేల యాడన్నా ఇట్ల చేస్తాదా?" అంది అవ్వ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తమిళంలో మంచును పని అంటారు. తెలుగులో పని అంటే ఏమిటో అందరికీ తెలుసు. మా ఇంట్లో రెండు భాషలూ ఒకే నోట తిరుగుతాయి కాబట్టి మేము మంచుకు పని అనీ, పనికి తమిళ మాట వేల అనీ అలవాటు పడ్డాం. అయినా ఆ శీతాకాలమంతా లైనులో ఎవరైనా పొద్దున్నే "పని పడింది" అంటే నాయన మొహం పక్కకు తిప్పుకునేవాడు.

రెండో ఏడు ఆయన ముందు చూడటం నేర్చుకున్నాడు. శీతాకాలం పోయేదాకా రోజూ తెల్లారగానే కర్ర పట్టుకుని మూడు మడులూ తిరిగేవాడు. తెలుపు ముందు అడుగు మడిలో పడుతుంది. చలి కూడా నీళ్లలాగే వాలు పట్టుకుని కిందికి దిగి అక్కడ నిలుస్తుంది. నడిమి మడిలో కొంచెం. ఇంటి గోడ పక్కన, పొయ్యి వేడి తగిలే చోట పడనే పడదు. ఇది ఎవరూ చెప్పింది కాదు, కాళ్లీడ్చుకుంటూ ఆయన కనిపెట్టుకున్నది. దాన్ని బట్టి అడుగు మడిలో చలికి ఓర్చే క్యాబేజీ పెట్టాడు. నడిమి మడిలో ఉర్లగడ్డ. పై మడిలో నాజూకువి. అప్పుడు అవ్వ కొంగు ముడి విప్పింది. అందులో ఆండిపట్టి నుంచి తెచ్చుకున్న చిక్కుడు గింజలు.

"పైన పెట్టమ్మా, గోడ పక్కన" అన్నాడు నాయన.

"కింద పెడతా. కిందనుంచిదా మన ఊరు అగపడతాది."

"చెట్టుకెందుకే ఊరు అగపడేది?"

"చెట్టుకు కాదురా, నీళ్లు పోసే ముసల్దానికి" అంది అవ్వ.

నాయన నవ్వాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. క్యాబేజీ వరస ఒకటి పీకి అవ్వకు చోటిచ్చాడు.

ఆ చిక్కుడు తీగను అవ్వ పెంచిన తీరు చూస్తే అమ్మకు కోపం వచ్చేది. "పాపకు తలదువ్వేదానికి తీరిక లేదు అత్తకు, తీగతో మాట్లాడేదానికి ఉండాది" అనేది. నిజంగానే మాట్లాడేది. ఎండ చాలక పోతే ఎండను తిట్టేది, "దీనికి పళ్లే లేవు, కరవడం రాదు" అని. పుల్లల మీదికి తీగను ఎక్కించి, కార్తీకానికి ఊదారంగు పూత తెప్పించింది. మార్గళి పుట్టే ముందు పలచటి పిందెలు కూడా దిగాయి. మబ్బు విడిన సాయంత్రాల్లో ఆ తీగ పక్కన గొంతుక్కూర్చుని మైదానం వంక చూసేది. మైదానం కనబడిన సాయంత్రం ఆమెకు పండగ. నాయనకు మాత్రం గుబులు. ఆకాశం అంత తేటపడితే చలి దిగుతుందని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఆమెకు చెప్పేవాడు కాదు.

అలాంటి రోజుల్లోనే చిన్నాయన వచ్చాడు. నాయన తమ్ముడు, ఆండిపట్టిలో మేకల వ్యాపారం. మంచి మనిషే. నాకు వేరుశనగ ఉండలు, సగాయానికి ఊలు టోపీ తెచ్చాడు. పెట్టె మీద కూర్చున్న నాయన ఎదురుగా నేల మీద కూర్చుని మెల్లగా కదిపాడు.

"అన్నా, ఇంకెన్నాళ్లు ఈడ? బస్టాండు పక్కన సైకిల్ స్టాండు ఒకటి మాట్లాడి పెట్టినాను. కూచోని టోకెన్ ఇచ్చేదిదా వేల. ఇల్లు ఉండాది, వీధి ఉండాది, మనోళ్లు ఉండారు. వదినెకు కూడా ఇట్ల పరాయి పిల్లల గుడ్డలు ఉతికే కష్టం తప్పుతాది."

"ఉర్లగడ్డ తీసినాక చెప్తా" అన్నాడు నాయన.

"నేనేమి అడుగుతుండాను, నువ్వేమి చెప్తుండావు! ఉర్లగడ్డ సంతలో దొరకదా?"

అవ్వ పొయ్యి దగ్గర్నుంచే అంది, "చిన్నోడు చెప్పేది న్యాయందా. ఈ చలికి నా బిడ్డ కాలు రాయి అయిపోతుండాది. రాత్రంతా మూలుగుతాడు, నేను వినేదాన్ని. రొంబ కష్టంరా ఇది. రేపు బండికే పోదాం, అందరం."

అప్పుడే అమ్మ హాస్టలు నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కుని, అందరి మొహాలూ చూసి, సంగతి అర్థం చేసుకుంది. నా వైపు చూడకుండా, "పాపకు అరసంవత్సరం పరీక్షలు ఉండాయి" అంది. అంతే అంది. ఆండిపట్టిలో మా వీధి ఆడపిల్లలు పరీక్షల దాకా చదవరని అందరికీ తెలుసు. పత్తి మిల్లుకు పోతారు. నాయన కర్ర అందుకుని పెరట్లోకి నడిచాడు.

బయట ఆకాశం తేటగా ఉంది. అవ్వ చిన్నాయనను చెయ్యి పట్టుకుని అడుగు మడి దాకా తీసుకెళ్లి మైదానం చూపించింది. నాయన చూసేది వేరే. లైను ఇళ్ల పొయ్యిల పొగ పైకి లేవకుండా రేకుల మీదే పరుచుకుని ఉంది. ఆకు కదలడం లేదు. "ఈ పొద్దు పడతాది పాపా. సంచులు తీసుకురా" అన్నాడు నాతో. కూరగాయల మండీ వాళ్లు పారేసిన చిరుగుల గోనెసంచులు ఆయన పోగుచేసి పెట్టుకున్నాడు. అవి ఒక్క మడికి సరిపోతాయి, రెండింటికి చాలవు. నేను మోసుకొచ్చి నడిమి మడి దగ్గర దించాను. ఆ ఉర్లగడ్డ కోసం ఆయన ఏడాదంతా పడ్డ పాటు నాకు తెలుసు. ఇంకో నెల ఆకు నిలబడితేనే గడ్డ ఊరుతుంది. ఆయన మాత్రం, "ఆడ కాదు, కిందికి" అన్నాడు.

కర్ర పక్కన పడేసి, కూర్చుని జారుతూ అడుగు మడికి దిగాడు. అవ్వ తీగ మీద సంచులు కప్పి పురికొసతో కట్టడం మొదలుపెట్టాడు. అవ్వకు ఒక నిమిషం ఏం జరుగుతున్నదో తెలియలేదు.

"అది ఏమిటికిరా? నీ ఉర్లగడ్డ కప్పుకో."

"ఉర్లగడ్డకి మట్టి ఉండాది. దీనికి ఏముండాది?"

"ఉంటే ఉంటాది, పోతే పోతాది. రేపు నేను పోయేదాన్ని. నాకేమిటికి ఇప్పుడు చిక్కుడుకాయ?"

"నువ్వు పోతావు. చెట్టు ఉంటాది కదమ్మా" అన్నాడు నాయన. "ఆ కొస పట్టుకో."

అవ్వ కొస పట్టుకుంది. ఆయన ముడి వేశాడు. చిన్నాయన గట్టు మీద చేతులు కట్టుకుని కొంచెంసేపు నిలబడి, తర్వాత తనూ దిగి పైన అందని పుల్లలకు సంచులు వేశాడు. చీకటి పడేదాకా ముగ్గురూ ఆ తీగ చుట్టూ ఉన్నారు. ఎవరూ ఊరి మాట ఎత్తలేదు.

పొద్దున తెల్లగానే ఉంది. నేను లేచేసరికి అవ్వ అడుగు మడిలో ఉంది. సంచులు అప్పడాల్లా బిర్రబిగిసి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీస్తోంది. కింద తీగ తడిగుడ్డలా వేలాడుతోంది. పూత నల్లబడింది, పిందెలు గాజుముక్కల్లా పారదర్శకంగా అయ్యాయి. ఏదీ మిగల్లేదు. ఆ మడిలో చలి నీళ్లలా నిలుస్తుందని నాయనకు తెలుసు. సంచులు ఆపలేవని కూడా తెలిసే ఉంటుంది, అయినా కప్పాడు. నడిమి మడిలో ఉర్లగడ్డ ఆకు కూడా ఎండ తగలగానే నల్లబడింది. రెండు మడులూ పోయాయి.

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆ పిందెలన్నీ తెంపి కోటు జేబులో వేసుకుని, మెల్లగా ఎక్కి నడిమి మడి దగ్గరికి వచ్చింది. నాయన అప్పటికే గోనె పరుచుకుని కూర్చుని గడ్డపారతో మట్టి ఎత్తుతున్నాడు. గడ్డలు చిన్నవి. కొన్ని నిమ్మకాయంత, కొన్ని గోళీలంత. పొట్టు ఇంకా గట్టిపడలేదు, బొటనవేలితో రాస్తే ఊడి వస్తోంది. అవ్వ ఆయన పక్కన ఆ గోనె మీదే కూర్చుంది. ఆయన ఎత్తితే ఆమె ఏరింది. బస్సుకు సంచి భుజాన వేసుకుని వచ్చిన చిన్నాయన కాసేపు చూసి, సంచి దించి, బుట్ట మోశాడు. ఆ మడి తవ్వడం అయ్యేసరికి మొదటి బస్సు వెళ్లిపోయింది. అవ్వ ఆ గడ్డల్ని ఉప్పేసి ఉడకబెట్టి, మిరియాలు దంచి చల్లింది. వేడి వేడిగా, పొట్టుతోనే తిన్నాం. అమ్మ కూడా ఆ రోజు హాస్టలుకు ఆలస్యంగా వెళ్లింది.

తిన్నాక అవ్వ చెయ్యి కడుక్కుని చిన్నాయనతో అంది. "మనం పోదాం రా చిన్నోడా. వీడు రాడు."

"అదేంది అమ్మా, నిన్న నువ్వేదా..."

"నిన్న చెప్పినాను. ఇప్పుడు చూసినాను కదా. వీనికి ఈడ పని ఉండాది."

చిన్నాయనకు అర్థమైందో లేదో తెలియదు. నాయన మాత్రం ఈసారి మొహం తిప్పుకోలేదు. మధ్యాహ్నం బస్సుకు వాళ్లిద్దరూ దిగిపోయారు. అవ్వ ఖాకీ కోటు విప్పి మేకుకు తగిలించింది. అది లేకుండా ఆమె మళ్లీ చిన్నదైపోయింది. బస్సు కిటికీలోంచి నా తల నిమిరి, "బాగా చదువుకో పాపా" అనలేదు. "మీ అమ్మకు పొద్దున కాఫీ పెట్టియ్యి, పాపం, ఎప్పుడూ నిలబడే తాగుతాది" అంది. మర్నాటి నుంచి నేనే లేచి పొయ్యి ఊదాను. అరపరీక్షలు రాశాను. ఆ తర్వాతివి కూడా రాశాను. నర్సునయ్యాను.

తోట నాయనను బాగుచేసిందని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. కాలు ప్రతి మార్గళికీ నొప్పి పెట్టేది. లారీ హారన్ వినపడితే చాలాకాలం ఉలిక్కిపడేవాడు. అమ్మ మీద కేకలేసిన రోజులూ ఉన్నాయి. తోట ఆయనకు ఇచ్చింది ఒకటే, అలసట. అమ్మ హాస్టలు నుంచి అలసి వచ్చేది, ఆయన మడుల్లోంచి అలసి వచ్చేవాడు. అలసిపోయిన ఇద్దరు ఒక పళ్లెం దగ్గర కూర్చుంటే ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. ఆ ఇంట్లో మళ్లీ మాటలు మొదలైంది అట్లాగే. అవ్వ మళ్లీ కొండ ఎక్కలేదు. నాయనే ఏడాదికోసారి క్యాబేజీలు, క్యారెట్లు మూటగట్టుకుని దిగేవాడు. ఒక చిత్తిర నెల ఎండలో, వీధరుగు మీద పడుకున్నది పడుకున్నట్టే ఆమె పోయింది. కబురందుకుని నాయన బస్సెక్కి వత్తలగుండులో ఇంకో బస్సు మారి చేరేసరికి అంతా అయిపోయింది. తిరిగి వచ్చిన మర్నాడే మడిలోకి దిగాడు. అమ్మ వద్దనలేదు.

ఇప్పుడు నేను అవ్వ ఆ కోటు తొడుక్కున్నప్పటి వయసు కూడా దాటేశాను. ఈ కొండ కూడా అప్పటిది కాదు. లైను ఇళ్లు కొట్టేసి లాడ్జి కట్టారు. దాని గోడలకు రాత్రంతా రంగురంగుల దీపాలు. తెల్లమంచు కొన్నేళ్లు మార్గళికే వస్తుంది, కొన్నేళ్లు సంక్రాంతితో మొదలయ్యే తై నెల అయ్యాక వస్తుంది, ఒకటి రెండేళ్లు రానే లేదంటుంది ఎస్తరు. బేరి చెట్టు ఆకు రాల్చీ రాల్చకుండానే ఒక కొమ్మకు పూత వేసింది. అప్పుడు నాయన పొగ చూసి చెప్పేవాడు. ఇప్పుడు గ్యాసు పొయ్యిల కొండమీద ఆ పొగే లేదు. అప్పుడు అందరం చలికి వణుకుతూ ఒకే గదిలో పడుకునేవాళ్లం. ఇప్పుడు నాకో గది, దానికో హీటరు. నాకు తెలిసిన అలసటలు రెండు. ఒకటి పని చేసి వచ్చేది, అది నిద్రతో పోతుంది. ఇంకోటి ఎదురుచూసే వాళ్లు లేకపోతే వచ్చేది. దానికి మందు ముప్పై ఏళ్ల ఆస్పత్రిలో నాకు కనబడలేదు.

మొన్న తెల్లవారుజామున ఎస్తరు తలుపు కొట్టింది. "వదినా, లేచినావా? తెల్లగా పడింది. ఆయనకు మోకాళ్లు లేవడంలే. నాకు ఇంకో చెయ్యి కావాల." నేను శాలువా చుట్టుకుని బయటికి వచ్చాను. మడులన్నీ తెల్లగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. ఎండ తగలకముందే ఆకు మీద నీళ్లు చల్లి ఆ తెలుపు కరిగిస్తే సగం మొక్కలైనా బతుకుతాయట. ఇక్కడి రైతులందరూ చేసేదేనట. నాయనకు అది తెలియదు. తెలిసినా మాకప్పుడు వీధి కొళాయి తప్ప నీళ్లేవి? ఎస్తరు మోటారు వేసి, పైపు నా చేతికిచ్చి, తను ముందు నడిచి తీగలు చిక్కు తీస్తూ పోయింది. నేను బఠాణీల మీద, టమాటా చెట్టు మీద, క్యాబేజీల మీద నీళ్లు చల్లుతూ వెనక నడిచాను. పైపు కారుతోంది. శాలువా తడిసింది. కాసేపటికి వేళ్లు నావి కాకుండా పోయాయి. కొండ అంచున వెలుగు పసుపుపచ్చగా దిగుతోంది.

ఎస్తరు వెనక్కి తిరిగి నా చేతులు చూసి అదిరిపోయింది. "అయ్యో, నీలమైపోయినాయి! పోదుం, ఇంక చాలు వదినా, పైపు ఇటియ్యి. నువ్వు లోపలికి పో, కాఫీ పెడతా."

"ఉండు" అన్నాను. "ఆ చివరి వరసకు ఇంకా పోయలేదు."